జెట్టు విమానము నేర్పిన పాఠము

మన మేడిపల్లి నుండియు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల నుండియు బ్రతుకుదెరువునకై గల్ఫు దేశములకు పోవువారు పెక్కుమంది కలరు. వారు శంషాబాదులో విమానమెక్కి సుమారు నాలుగు గంటలలో దుబాయి చేరుచున్నారు. ఆ ప్రయాణమును గూర్చి ఇంటివారికి నేడు పెద్ద భయము లేదు. ఈ ధైర్యము యంత్రముల వేగము వలన వచ్చినది కాదనియు, తప్పును దాచక శోధించుట వలన వచ్చినదనియు నా యభిప్రాయము.

ప్రయాణికులను గొనిపోయిన మొదటి జెట్టు విమానము ఇంగ్లండులో డి హావిలాండు కంపెనీవారు నిర్మించిన కామెట్. నడుమ నొక్క దారియు, 36 ఆసనములును గల సన్నని విమానమది. 1949 జూలై 27వ తేదీన మొదటిసారి యెగిరెను. 1952 మే 2వ తేదీన లండను నుండి జోహాన్నెస్‌బర్గునకు ప్రయాణికులతో బయలుదేరెను. మబ్బులకు పైన, గంటకు 450 మైళ్ల వేగముతో అది పోవుచుండగా లోకము ఆశ్చర్యపడెను.

సరిగా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా నుండి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ గాలివానలో చిక్కి విరిగిపడెను. 43 మంది మరణించిరి. 1954 జనవరి 10న ఎల్బా దీవి చెంతను, ఏప్రిల్ 8న నేపుల్సు చెంతను మరి రెండు కామెట్లు ఆకాశముననే బ్రద్దలై సముద్రమున బడెను.

అప్పుడు కామెట్ ప్రయాణములు నిలిపివేయబడెను. నౌకాదళమువారు ఎల్బా సముద్రపు టడుగు నుండి ముక్కల నేరి తెచ్చిరి. ఫార్న్‌బరోలో ఆర్నాల్డు హాలుగారి నాయకత్వమున శాస్త్రజ్ఞులు ఒక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో నుంచి, లోపలి నీటి ఒత్తిడిని మాటిమాటికి హెచ్చించుచు తగ్గించుచు పరీక్షించిరి. పై యెత్తున గాలి పలుచనగుటచే విమానములో గాలి నింపవలసియుండును. అందుచే ప్రతి ప్రయాణమున దాని లోహపు రేకు కొంత సాగి మరల ముడుచుకొనును. ఇనుప తీగను పదేపదే అటునిటు వంచినచో తుదకు విరుగుట పిల్లలెరిగినదే కదా! అది యెగిరిన ప్రయాణములును, తొట్టిలోని పరీక్షలును కలిసి సుమారు 3,000 కాగా, ఆ విమానము కిటికీ మూల నుండి చీలెను. లోహపు అలసటయే కారణమని తేలెను.

ఈ సంగతిని 1954లో బహిరంగ విచారణలో నందరి యెదుట నుంచిరి. తప్పు బయటపెట్టిన వ్యాపారము చెడునని కొందరందురు. అది కొంత నిజమే. బాగుచేసిన కామెట్ 1958 అక్టోబరు 4న అట్లాంటికు దాటినను, ఆ నెలలోనే ప్రయాణికులతో బయలుదేరిన అమెరికావారి బోయింగు 707 వ్యాపారమును గెలుచుకొనెను. 1960లో ఎయిర్ ఇండియా నడపసాగినదియు ఈ 707నే. కాని కామెట్ నేర్పిన పాఠము అన్ని కంపెనీల విమానములకును రక్షయైనది. ఒక కంపెనీ నష్టము కంటె కోట్ల ప్రాణముల లాభము గొప్పది కాదా?

విద్యార్థులారా! లెక్క తప్పినప్పుడు పలకను తుడిచివేయకుడు. ఏ పంక్తిలో తప్పెనో వెదకుడు. తల్లిదండ్రులారా! తన తప్పును తానే చెప్పుకొను బిడ్డను దండింపకుడు. దండన కోర్వలేక దాచిన తప్పు, రేకులోని సన్నని పగులువలె, లోలోపల పెరుగుచునే యుండును.