ప్రయాణం సామానులో నిద్రను మరచిపోకండి

విజయవాడ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వయసు 38. ఆఫీసు ఉద్యోగం. సెలవు దొరకదు. చలికాలం వెళ్ళిపోయేలోగా ఇంటిల్లిపాదికీ లంబసింగి పొగమంచూ, అరకు లోయా చూపించాలని ఆయన కోరిక. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి రాత్రి 8 గంటలకు సొంత కారులో బయలుదేరతారట. రాత్రంతా నడిపి తెల్లవారేసరికి లంబసింగి చేరతారు. అక్కడ మంచు చూసి, పాడేరు మీదుగా అరకు వెళ్ళి రాత్రికి బస చేస్తారు. ఆదివారం బొర్రా గుహలు, విశాఖ సముద్రతీరం చూసుకుని, రాత్రికి మళ్ళీ కారెక్కి సోమవారం ఉదయం ఆఫీసులో ఉంటారు. కారు నడపడం వచ్చింది ఆయన ఒక్కరికే. వెంట భార్య, ఎనిమిదేళ్ళ పాప, రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేయించుకున్న 68 ఏళ్ళ తండ్రి, చక్కెర వ్యాధి ఉన్న తల్లి. "ఏయే మందులు వెంట ఉంచుకోవాలి, డాక్టరుగారూ?" అన్నది ప్రశ్న.

మందుల సంగతి తప్పకుండా చెబుతాను. కాని అంతకన్న ముందు చెప్పవలసింది ఒకటుంది. ఈ ఉత్తరంలో టిఫిను ఎక్కడ, భోజనం ఎక్కడ, ఫొటోలు ఎక్కడ అన్నీ ఉన్నాయి. కారు నడిపే మనిషి ఎప్పుడు నిద్రపోతాడన్నది మాత్రం సరిగా లేదు. వ్యవధి తక్కువైనప్పుడు మనం మొట్టమొదట కోసేసేది నిద్రనే. అది ఎవరికీ అద్దె కట్టనక్కరలేని వస్తువు గనక, పోయినా నష్టం లేదనుకుంటాం.

లెక్క చూద్దాం. ఆయన శుక్రవారం ఉదయం 6 గంటలకు లేచారనుకోండి. గోదావరి దాటేసరికి రాత్రి 11. అప్పటికి 17 గంటలుగా మేలుకుని ఉన్నారన్నమాట. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. మన చట్టం డ్రైవరుకు అనుమతించేది 30 మిల్లీగ్రాములే. చుక్క ముట్టని మనిషి కూడా, నిద్ర లేకపోతే తాగి నడిపినవాడి కిందే లెక్క. ఇక నర్సీపట్నం దాటి ఘాటు ఎక్కే వేళకు ఆయన మేలుకుని 20 గంటలు దాటుతుంది. పైగా తెల్లవారుజామున రెండు గంటలకూ ఆరు గంటలకూ మధ్య మన శరీరం నిద్రకే అలవాటుపడి ఉంటుంది. మలుపుల రోడ్డు, చీకటి, పొగమంచు, నిద్రమత్తు నాలుగూ ఒక్కచోట కలుస్తాయి.

పాతికేళ్ళ క్రితం నేను జాతీయ రహదారి పక్కన ఒక ఊరి ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవాణ్ణి. సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున అయిదింటికి ఒక కుటుంబాన్ని లారీలో వేసుకుని తీసుకువచ్చారు. కారు వెళ్ళి చెట్టును గుద్దుకుంది. తల్లి దారిలోనే పోయింది. భార్యకు తొడ ఎముక విరిగింది. నడిపిన కుర్రవాడికి నుదుటి మీద నాలుగు కుట్లు మాత్రం పడ్డాయి. కుట్లు వేస్తున్నంతసేపూ అతను ఒకే మాట అన్నాడు: "నేను నిద్రపోలేదండీ, కళ్ళు తెరిచే ఉన్నాను. రోడ్డే పక్కకు తిరిగింది." రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తు కూడా లేదని తరువాత కానిస్టేబులు చెప్పాడు.

అతను అబద్ధం చెప్పలేదు. అలసిన మెదడు రెండు మూడు సెకన్లపాటు తనకు తెలియకుండానే నిద్రలోకి జారిపోతుంది. కళ్ళు తెరిచే ఉండవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు మూడు సెకన్లలో 65 మీటర్లు దాటుతుంది. ఆ 65 మీటర్లూ కారుకు డ్రైవరు లేనట్టే. "నాకు నిద్ర వస్తే తెలియదా?" అనేవాళ్ళకు నా జవాబు ఆ కుర్రవాడే.

అద్దం దించి చలిగాలి తగలనిస్తే, పాటలు గట్టిగా పెడితే, మొహం కడుక్కుంటే నిద్ర పోతుందని చాలామంది నమ్మకం. ఇవన్నీ కొద్ది నిమిషాల ముచ్చటే. నిద్రకు మందు నిద్రే. ఆవులింతలు వరసగా వస్తున్నా, దాటివచ్చిన ఊరు గుర్తులేకపోయినా, కారు గీత దాటుతున్నా, పెట్రోలు బంకు లాంటి వెలుతురున్న చోట ఆపండి. ఒక కప్పు కాఫీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తీయండి. కాఫీ పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది గనక, లేచేసరికి రెండూ కలిసివస్తాయి. ఇది గండం గడవడానికే. రాత్రంతా నడపడానికి అనుమతి అనుకోవద్దు.

బస్సు, లారీ డ్రైవర్ల కోసం 1961లో ఒక చట్టం చేశారు. అయిదు గంటలు పనిచేసిన తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉండేది. రోజుకు పని ఎనిమిది గంటలేనని కూడా ఉండేది. సొంత కారు నడిపే ఇంటి యజమానికి ఏ చట్టమూ లేదు. ఆయనకు చట్టం ఆయన భార్యే కావాలి. "ఇక చాలు, ఆపండి" అని ఆవిడ అంటే మారుమాట లేకుండా ఆపాలి.

ఇప్పుడు ప్రయాణం ఎలా చేయాలో చూద్దాం. వారు రాసిన దారి మొత్తం దగ్గర దగ్గర 900 కిలోమీటర్లు. రెండు రోజుల్లో ఒక్క మనిషి నడపదగినది కాదు. అంచేత ఊళ్ళు తగ్గించండి, నిద్ర తగ్గించకండి. శుక్రవారం రాత్రి ఇంట్లోనే హాయిగా పడుకోండి. శనివారం తెల్లవారి, వెలుతురు వచ్చాక బయలుదేరండి. లంబసింగి సుమారు 320 కిలోమీటర్లు. రెండు గంటలకొకసారి ఆగుతూ వెళ్ళినా చీకటి పడకముందే ఘాటు ఎక్కేయవచ్చు. రాత్రి అక్కడే పడుకుంటే, తెల్లవారుజామున మంచు మీ గుమ్మం ముందుకే వస్తుంది. దాని కోసం చీకట్లో ఘాటు ఎక్కనక్కరలేదు. ఆదివారం మంచు విడిపోయాక 9 గంటలకు బయలుదేరితే రాత్రి భోజనం ఇంట్లోనే. బస ముందే ఖాయం చేసుకోండి. చలికాలం శని, ఆదివారాల్లో అక్కడ గది దొరకడం కష్టం.

అరకు కూడా చూడాలంటే, అది ఇంకో రెండు రోజుల ప్రయాణంగా పెట్టుకోండి. రాత్రి రైల్లో పడుకుని విశాఖ చేరి, అక్కడ అద్దె కారు మాట్లాడుకోండి. అద్దె కారు డ్రైవరు కూడా మనిషే. "రాత్రి నిద్రపోయావా, బాబూ?" అని అడిగి మరీ ఎక్కండి. రాత్రి మీరు గదిలో రగ్గులు కప్పుకుని, అతన్ని కారులో పడుకోమనడం న్యాయం కాదు, క్షేమమూ కాదు. పడక చూపించండి.

మంచులో నడపవలసి వస్తే హెడ్‌లైట్లు కిందికి దించి నడపాలి. పైకి వేస్తే మంచు మీద వెలుగు పడి కళ్ళకు తెల్లటి గోడ అడ్డం వచ్చినట్టుంటుంది. ఏమీ కనిపించకపోతే రోడ్డు దిగి పూర్తిగా పక్కన ఆపండి. రోడ్డు మీదే ఆపితే వెనకవాడికి మీరు కనిపించరు. వెనక సీటులోవారు కూడా బెల్టు పెట్టుకోవాలి. పాపను ముందు సీటులో ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి.

ఘాటు రోడ్డులో పిల్లలకు వాంతులు సహజం. ఖాళీ కడుపుతోనూ, నిండా నూనె పూరీలతోనూ కూడా ఎక్కించకండి. రెండు ఇడ్లీలు చాలు. దారిలో సెల్‌ఫోను చూడనివ్వకండి. కిటికీలోంచి దూరంగా కొండలు చూడమనండి. వాంతుల బిళ్ళ వేయాలంటే ఘాటు ఎక్కడానికి గంట ముందు, పిల్లల డాక్టరు చెప్పిన మోతాదులో వేయండి. అవి నిద్రమత్తు కలిగిస్తాయి గనక నడిపేవారు ముట్టుకోకూడదు. జలుబు బిళ్ళలు కూడా చాలావరకు అంతే. ఈ మాట గుర్తు పెట్టుకోండి: చలికాలం జలుబు చేసి, దుకాణంలో బిళ్ళ కొని వేసుకుని, స్టీరింగు పట్టేవాళ్ళు ఎందరో ఉన్నారు.

ఇక పెద్దవారు. లంబసింగి ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. గుండె నిలకడగా ఉన్నవారికి ఆ ఎత్తు వల్ల భయం లేదు. భయం చలి వల్లనే. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపుపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. తాతగారిని తెల్లవారుజామున దుప్పటిలోంచి లేపి నేరుగా కొండ మీదికి నడిపించకండి. మంకీ టోపీ, స్వెట్టరు, మేజోళ్ళు వేసి, వేడిగా ఏదైనా తాగనిచ్చి, కాస్త ఎండ పొడ వచ్చాక తీసుకువెళ్ళండి. రోజూ వేసుకునే బిళ్ళలు ఒక్కరోజు కూడా మానకూడదు. నాలుక కింద పెట్టుకునే బిళ్ళ డాక్టరు రాసి ఉంటే అది జేబులోనే ఉండాలి. ఛాతీలో నొప్పి వస్తే కూర్చోబెట్టి ఒక బిళ్ళ ఇవ్వండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. కొండల్లో ఫోను కొన్నిచోట్ల పనిచేయదు. చింతపల్లిలోనూ నర్సీపట్నంలోనూ ప్రభుత్వాసుపత్రులున్నాయని తెలుసుకుని ఉండండి. ఉబ్బసం ఉన్నవారు ముక్కుకు మఫ్లరు చుట్టుకుని, పీల్చే మందు చేతిలో ఉంచుకోవాలి.

చక్కెర వ్యాధి ఉన్న అమ్మగారికి భోజనం వేళ తప్పకూడదు. చెమటలు, వణుకు, కంగారు కనిపిస్తే రక్తంలో చక్కెర పడిపోయిందేమో అనుకుని వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. దారిలో మరుగుదొడ్డి దొరకదని ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. అది మంచిది కాదు. రెండు గంటలకొకసారి ఆగమన్నది అందుకు కూడా. మందులన్నీ చేతిసంచిలో ఉండాలి, డిక్కీలో కాదు.

చివరగా రెండు హెచ్చరికలు. చలికి ఓర్వలేక తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. అద్దాలన్నీ ఎత్తి, ఇంజను నడుస్తుండగా కారులో నిద్రపోకండి. వీటి నుంచి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు కలిగించి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలా ఎవరైనా కనిపిస్తే ముందు తలుపులు తెరిచి బయటి గాలిలోకి మోసుకురండి. రెండోది దోమలు. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కాలు, రాత్రి దోమతెర వాడండి. తిరిగివచ్చిన కొన్ని వారాల తరువాత జ్వరం వచ్చినా, ఫలానా చోటికి వెళ్ళివచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

విజయవాడ పాఠకుడికి నా జవాబు ఇదీ. సోమవారం ఆఫీసుకు గంట ఆలస్యమైతే పైఅధికారి ఒక మాట అంటాడు, అంతే. అరకు ఎక్కడికీ పోదు, వచ్చే చలికాలానికీ అక్కడే ఉంటుంది. నాకు కుట్లు వేయించుకున్న ఆ కుర్రవాడు మిగుల్చుకోవాలనుకున్నది కూడా ఒక్క రాత్రే. మీరు ఆ రాత్రి ఇంట్లో నిద్రపోయి, పొద్దున బయలుదేరండి. శుభం.