విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?



ఈ సామెతను ముప్పై ఏళ్లకు పైగా తరగతిలో చెప్పినవాణ్ణి. (పాఠాంతరాలు తెలిసినవారు తెలుపగలరు.) నేను తెలుగు పండితుణ్ణి, జీవశాస్త్రం నా విషయం కాదు. అయినా ఈ సామెతను మనుషులకు అన్వయించరాదని నా అభిప్రాయం. ఆ బుద్ధి నాకు మా ఐరాల మామిడి వల్ల కలిగింది.

మా పెరటిలో ఒక మామిడి చెట్టున్నది. తియ్యని బెంగుళూర పండు తిని (తోతాపురిని మా చిత్తూరు వైపు అలాగే అంటాము) ఆ టెంకను నేనే పాతాను. తొమ్మిదేళ్లకు కాపుకు వచ్చింది. కాయ పొట్టి, పీచు మెండు, పులుపు చెప్పనలవి కాదు. అంట్లు కట్టే ఆయనను పిలిచి చూపితే నవ్వి, "టెంకలోంచి వచ్చేది దాని బిడ్డ గదా అయివోరూ, అదే చెట్టు ఎట్లవుతాది?" అన్నాడు.

నిజమే. మామిడి పూతపై వాలే ఈగలు ఏ చెట్టు పుప్పొడిని తెచ్చాయో ఎవరికెరుక? ఆ మొలకలో సగం తల్లిది, సగం ఆ తెలియని తండ్రిది. తల్లి గుణం చెడకుండా కావాలంటే కొమ్మను తెచ్చి అంటు కట్టవలసినదే. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు 1970ల దశకంలో నీలం, దసేరి రకాలను కలిపి మల్లిక, ఆమ్రపాలి అనే రెండు సంకరాలను తీశారు. తలిదండ్రులు వారే. అయితే ఆమ్రపాలి పొట్టి చెట్టు, మల్లికకు కాయ పెద్దది.

సామెత బొత్తిగా అబద్ధమనను. శెనక్కాయ పువ్వు సాధారణంగా తన పుప్పొడితోనే ఫలదీకరణం చెందుతుంది కనుక, దాచిన విత్తనం వేస్తే అదే పంట వస్తుంది. శెనగచేనిలో నిలబడి చెప్పిన సామెత అది, మామిడితోపులో చెల్లదు. మనిషి మామిడి వంటివాడు. ఒక్క తండ్రి 23 జతల క్రోమోజోముల నుండి జతకొకటి చొప్పున ఏరి ఇవ్వడమే 80 లక్షలకు పైగా విధాలట! (1909లో యోహాన్‌సెన్ పెట్టిన 'జీన్' అనే పేరు మూలమూ, మన 'జన్యువు'లోని 'జన్' ధాతువూ దాయాదులే. పండితుని చాపల్యం, మన్నించండి.)

ఇంత రాయడానికి కారణం వేరే ఉన్నది. ఒకప్పుడు నా తరగతిలో తరచు బడి ఎగ్గొట్టే పిల్లవాడొకడు ఉండేవాడు. తండ్రి తాగుబోతని ఊరంతా ఎరుగును. ఒకనాడు అందరి ముందు వాణ్ణి నిలబెట్టి ఈ సామెత చెప్పాను. పిల్లలు నవ్వారు. మరునాటి నుండి వాడు రాలేదు. పిలిపించాలని నాకూ తోచలేదు. తండ్రి పడిపోయిన రోజుల్లో వాడు కూలికి పోయేవాడని తరువాత తెలిసింది.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అనీ అంటాము. దూడ చేలో మేయడం బీజం వల్ల కాదు, తల్లి వెంట నడవడం వల్ల. వాణ్ణి గట్టు మీదికి మళ్లించడానికే ఆనాడు నాకు జీతమిచ్చారు.

మొన్న అంట్లాయన మళ్లీ వచ్చి, పెరటి చెట్టు తల నరికి మంచి రకం అంటు కడతానన్నాడు. వద్దన్నాను. ఏటా మా ఇంటి ఆవకాయకు దాని కాయలే.