వేల డాలర్ల వార్డులో చవక మందుకు కరువు

2012 డిసెంబరులో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ముగ్గురు పసికందులకు చర్మం పొక్కిపోయింది. ముగ్గురూ నెలలు బాగా తక్కువగా పుట్టినవాళ్లే, కాలేయంలో పిత్తం నిలిచిపోయినవాళ్లే. డాక్టర్లు పరీక్షించి జింక్ లోపమని తేల్చారు. సిరలోకి ఎక్కించే ఆహారంలో కలపాల్సిన జింక్ ఇంజెక్షన్ ఆ రోజుల్లో దేశమంతటా కరువైంది మరి.

ఇరవై ఐదో వారానికే పుట్టిన బిడ్డ పేగు పాలను అరిగించుకోలేదు. అమ్మ పాలు చుక్కలుగా మొదలుపెట్టినా, అవి సరిపోయేదాకా గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు, కాల్షియం, విటమిన్లు అన్నీ బొడ్డు సిరలోంచో, గుండె దగ్గరిదాకా నడిపిన సన్నని గొట్టంలోంచో వెళ్లాలి. చూడ్డానికి మామూలు సెలైన్ సంచే, కానీ ఆ పూట బిడ్డ భోజనమంతా అందులోనే ఉంటుంది. జింక్‌ను శిశువు తల్లి నుంచి ఎక్కువగా కూడబెట్టుకునేది చివరి మూడు నెలల్లోనే. ఆ నెలలు దక్కని బిడ్డ దగ్గర నిల్వేం ఉంటుంది?

సిర ద్వారా పోషించే ఈ విద్య పుట్టింది కూడా అమెరికాలోనే. శస్త్రవైద్యుడు స్టాన్లీ డడ్రిక్ కుక్కపిల్లలను కేవలం సిర ద్వారా పోషించి పెంచి చూపించాడు. 1967లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో పేగు దాదాపు లేకుండా పుట్టిన పాపకు అదే పద్ధతి వాడారు. చివరికి పాప దక్కలేదు గాని, నోటి తిండి లేకుండానే బరువు పెరిగింది, ఎదిగింది. అంతటి శాస్త్రం చేతిలో ఉన్న దేశం 2013లో ఖనిజాల ఇంజెక్షన్లను నార్వే నుంచి తెప్పించుకుంది.

నా దృష్టిలో ఈ కొరత వ్యాపారం చేసిన నిర్వాకం. పేటెంటు లేని చవక ఇంజెక్షన్లలో లాభం అంతంతమాత్రం. చేసేవాళ్లు ఒకరిద్దరే మిగులుతారు. ఒక ప్లాంటు ఆగితే దేశమంతా ఆగుతుంది. మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు సడలిస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. వాళ్లు 1983-84ను గుర్తుచేసుకోవాలి. ఎఫ్‌డీఏ అనుమతి లేకుండానే ఈ-ఫెరాల్ అనే విటమిన్-ఇ ఇంజెక్షన్ మార్కెట్లోకి వచ్చింది. నెలలు నిండని 38 మంది బిడ్డల మరణాలు దానికి ముడిపడ్డాయి. కంపెనీ పెద్దలు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బిడ్డ నెత్తురులోకి నేరుగా వెళ్లే మందు దగ్గర తనిఖీ తగ్గించమనడం నాకు మింగుడుపడదు.

చౌకగా కొనడమే తెలివనుకునే ఆసుపత్రుల కొనుగోలు పద్ధతి మారాలి. రెండో తయారీదారు నిలదొక్కుకునేలా నాలుగు డాలర్లు ఎక్కువిచ్చి, దీర్ఘకాల ఒప్పందం రాసుకోవాలి. పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో (ఎన్‌ఐసీయూ) రోజుకు వేల డాలర్ల బిల్లు వేసే దేశానికి అదో లెక్కా?

కానీ ఆ లెక్క ఇంకా కుదరలేదు. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను వరద నార్త్ కరోలినాలోని బాక్స్‌టర్ ప్లాంటును ముంచేసింది. అమెరికా సిర ద్రవాల్లో సుమారు 60 శాతం అక్కడే తయారయ్యేవి. ఆసుపత్రులు సంచులు లెక్కపెట్టుకుని వాడాయి. కెనడా, చైనా, ఐర్లండ్, బ్రిటన్ ప్లాంట్ల నుంచి దిగుమతికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అంతకు పన్నెండేళ్ల ముందటి జింక్ కొరతప్పుడు దొరికిన ఉపాయమే మళ్లీ దొరికింది.