ఎండది కాదు తప్పు, తడపనోళ్లది!

బడి స్లాబు పెచ్చులూడి పిల్లల మీద పడ్డ ప్రతిసారీ సారువాళ్లది ఒకటే మాట: ‘వాతావరణ ప్రభావం’. వాన ఎక్కువ పడితే వాన, ఎండ ఎక్కువ కొడితే ఎండ. ముద్దాయి దొరికినట్టే, ఫైలు మూసినట్టే. ఎండను జైల్లో పెట్టలేరు, వాన దగ్గర రికవరీ చెయ్యలేరు కదా!

నేను చదువుకున్న ఊరి బడిలో ఐదో తరగతి గదిలో ఇప్పుడు ఎవరూ కూర్చోరు. పైకప్పు సలాకలు బక్కగొడ్డు పక్కటెముకల లెక్క బయటికొచ్చినయి. ఊడని చోట చూస్తే సలాక కింద అర అంగుళం కాంక్రీటు కూడ లేదు. ఆ స్లాబు పోసింది మే నెలలో. మూడో రోజుకే మీద తడి లేదని, ట్యాంకర్ రాలేదని మా నాయిన ఇప్పటికీ చెప్తడు. ఆ గుత్తేదారు పేరు రాయడం లేదు. అట్లాంటోడు ఒక్కడే ఉంటే రాసేవాణ్నే.

అసలు కాంక్రీటు లోపల సలాకకు తుప్పెందుకు పట్టదు? సిమెంటు, నీళ్లు కలిసినప్పుడు పుట్టే క్షారం వల్ల. పీహెచ్ 12.5 దాటి ఉంటది. ఆ క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించని పొర ఏర్పడి కాపాడుతది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సన్న సన్న సందుల్లోంచి దూరి ఆ క్షారాన్ని తింటూ లోపలికి నడుస్తది. పీహెచ్ 9 కిందికి పడ్డదా, పొర ఖతం. ఇక తడి తగిలితే చాలు. తుప్పు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ జాగా అడుగుతది, కాంక్రీటును లోపలి నుంచి తన్ని పగలగొడతది.

మచిలీపట్నంలో, విశాఖలో ఉప్పుగాలి ఈ పని ఇంకా తొందరగా చేస్తది. మనకు సముద్రం లేదు. కాని ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపి సముద్రాన్ని మనమే స్లాబులో పోసుకుంటున్నం. సలాకలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దని ఐఎస్ 456 చెప్తది. మీ ఊరి పనికి నీళ్ల పరీక్ష కాగితం ఉన్నదేమో ఒకసారి అడగండి.

ఇక ఎండ సంగతి. తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ దాడి జోరుగా సాగుతది. అంటే వాన లేని నెలల్లో క్షారం పోతది, వానకాలంలో కారే స్లాబు సలాకకు తుప్పు పడతది. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటయి. ఆ ఎండలో మాల్ చూస్తుండగానే గట్టిపడుతది. పని నడవాలని కూలీ ఇంకో బకెట్ నీళ్లు పోస్తడు. తప్పు అతనిది కాదు, నడి మధ్యాహ్నం పని పెట్టినోనిది. ఎక్కువైన ఆ నీళ్లు ఆవిరైపోయిన జాగాలే రేపటి సందులు. తర్వాత తడపకపోతే సిమెంటు సగం పనిచేసి ఆగిపోతది. సెంట్రింగ్ తొందరగా పీకితే కింది ముఖానికీ అదే గతి.

రాజధాని ఆఫీసుల్లో ఏసీ కింద కూర్చునేటోళ్లకు ఇదంతా తెల్వదా? పుస్తకంలోనే ఉన్నది. 2000లో సవరించిన ఐఎస్ 456లో వాతావరణాన్ని ఐదు తరగతులు చేసిండ్రు. అందులో సముద్రం ఉన్నది, తుంపర ఉన్నది, మంచు గడ్డకట్టడం కూడ ఉన్నది. ఎండ లేదు! (మంచు ఎన్నడూ చూడని పల్లెలకు మంచు లెక్క.) ఎండ మాట క్యూరింగ్ దగ్గర వస్తది: వేడి, పొడి వాతావరణంలో 10 రోజులకు తగ్గకుండ తడపాలె. బూడిద కలిసిన సిమెంటైతే 14 రోజులు మంచిదన్నరు. ఇప్పుడు బస్తాల్లో ఎక్కువగా వస్తున్నది ఆ సిమెంటే.

మరి ఎందుకు తడపరు? ఎం-బుక్ తెరిచి చూడండి. కాంక్రీటు క్యూబిక్ మీటర్లలో ఉంటది, స్టీలు టన్నుల్లో ఉంటది. క్యూరింగ్ కాంక్రీటు రేటులోనే కలిపి ఉంటది, దానికి వేరే కొలత లేదు. కొలవనిదాన్ని మింగుడు అల్కగ. వేసవిలో పది రోజుల ట్యాంకర్ పైసలు మిగిలినయంటే ఎవరి జేబులో మిగిలినట్టు?

కొందరు పెద్దమనుషులు చార్మినార్‌ను చూపిస్తరు. 1591 నుంచి నిలబడలేదా అంటరు. నిలబడ్డది. అది రాయి, సున్నం కట్టడం. సలాకల కాంక్రీటు సంగతి వేరు.

ఎండలు ముదిరినయి కాబట్టే కూలుతున్నయని ఇప్పుడు కొత్త పాట. 1958లో గాలిలో పది లక్షల భాగాలకు 315 దాకా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. నిజమే, దాడి పెరిగింది. అట్లయితే కవచం మందం పెంచాలె గని తగ్గిస్తరా?

క్యూరింగ్‌కు ఎం-బుక్కులో వేరే పద్దు పెట్టాలె. రోజు రోజుకూ సర్పంచో, హెడ్‌మాస్టరో సంతకం చేసినంకనే దాని పైసలు ఇయ్యాలె. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పోస్తే తెల్లవారుజామున్నే పొయ్యాలె, ట్యాంకర్ ముందే వచ్చి నిలబడాలె. మీ ఊరి బడికి స్లాబు పోసే ముందురోజు టేపు పట్టుకొని సెంట్రింగ్ ఎక్కండి. సలాకల కింద కవర్ బ్లాకులు లేకుంటే కాంక్రీటు మిషన్‌ను స్టార్ట్ చెయ్యనీయకండి.