క్షమ వేరు, నిర్దోషిత్వము వేరు

2016వ సంవత్సరాంతమున విడుదలయిన ‘ప్యాసింజర్స్’ అను హాలీవుడ్ చలనచిత్రము భావికాలపు విజ్ఞానకల్పనతో ప్రేమకథను ముడివేసినది. దానిని మెచ్చిన ప్రేక్షకులు పెక్కుమంది నాయకుని యందు దోషము లేదని తీర్పు చెప్పుచున్నారు. ఆ తీర్పు అంగీకారయోగ్యము కాదు.

కథ యిది. 5,000 మంది యాత్రికులు దీర్ఘనిద్రలో నుండగా ఒక అంతరిక్షనౌక 120 ఏండ్ల ప్రయాణము సాగించుచుండును. యంత్రదోషముచే జిమ్ అను మెకానిక్కు 90 ఏండ్లు ముందుగా మేల్కొనును. ఏడాదికి పైగా ఏకాంతమున కుమిలి, తుదకు అరోరా యను రచయిత్రిని తానే మేల్కొలిపి, ఆ నిజమును దాచును. ఆమె మరల నిద్రింపజాలదనియు, గమ్యము చేరకయే ముసలిదై మరణించుననియు నెరిగియే చేసిన పని యది.

“మునుగువాడు చేతికందినవారిని పట్టుకొనడా?” యని కొందరందురు. మునుగువానికి ఆలోచించు వ్యవధి యుండదు. జిమ్ ఆమె వ్రాతలు చదివి, తప్పని తెలిసి, తనలో తాను తర్కించుకొని చేసెను. జాలిపడుదము గాక, సమర్థింపనేల?

“ఆమె మేల్కొనకున్న నౌకయే నశించెడిది గదా?” యని మరికొందరందురు. ఆమెను లేపునాడు జిమ్ తలచినది నౌకారక్షణము కాదు, తన ఒంటరితనము బాపుకొనుట. ఒకరికి పడిన బాకీని మరియొకరి పద్దులోని జమతో కొట్టివేయరాదని లెక్కలు వ్రాసిన ప్రతి గుమాస్తాకును తెలియును.

“ఆమెయే క్షమించినది, తిరిగి నిద్రించు నుపాయము దొరికినను వలదన్నది” అనునది మూడవ వాదము. ఇందు బలము కలదు. క్షమించు నధికారము ఆమెదే. కాని దోషము లేనిచో క్షమకు తావెక్కడిది? ఆమె క్షమ ఆమె యౌదార్యమునకు సాక్ష్యము, అతని నిర్దోషిత్వమునకు కాదు.

మన ధర్మశాస్త్రములు అష్టవిధ వివాహములలో నిద్రించు కన్యను రహస్యముగా చేకొనుటను పైశాచమని అధమముగా నెంచినవి. ఇచ్చట జరిగినది సరిగా అదియే కాదు. అయినను, తెలివితో నుండి “సరే” యనుటకు వీలులేని స్త్రీ జీవితమును పరులు నిర్ణయింపరాదను సూత్రము మాత్రము ఒక్కటియే.

ఇది వెండితెరతో ముగియు వివాదము కాదు. పిల్లను అడుగక సంబంధము నిశ్చయించి, కొన్నేండ్లకు “చూచితిరా, సర్దుకొన్నది” యని గర్వించు పెద్దలు మనలోను కలరు. సర్దుకొనుట ఆమె సహనము. అడుగకపోవుట మన తప్పు. ఆ సహనమును చూపి ఈ తప్పును కప్పిపుచ్చుట తగదు.