మా జట్టుకు ఢిల్లీ బదిలీ

మొన్న ఇంటికి పోయినప్పుడు పసుపు జెర్సీ వేసుకుని గోదావరిఖనిలో గ్రౌండ్‌కి పోయా. అక్కడ పిల్లలు చుట్టుముట్టి "అన్నా, చెన్నై సూపర్ కింగ్స్‌దా?" అన్నారు. కాదురా, హైదరాబాద్ ఎఫ్‌సీ అన్నా. "అదేం టీమ్?" చెప్పడం మొదలుపెట్టా గానీ, 'ఉంది' అనాలా 'ఉండేది' అనాలా తెలియక ఆగిపోయా.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. ఇండియన్ సూపర్ లీగ్‌లో మన నగరానికి 2019లో ఒక ఫుట్‌బాల్ క్లబ్ వచ్చింది. 2025 అక్టోబర్‌లో అది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుని వెళ్లిపోయింది.

2019లోనే నేనూ కరీంనగర్‌లో బీటెక్ ముగించి ఉద్యోగానికి గచ్చిబౌలి వచ్చా. బాలయోగి స్టేడియం మా హాస్టల్ నుంచి నడిచిపోయేంత దూరం. కొత్త ఊరు, శనివారం సాయంత్రం, తోడుకి మనిషి లేడు. ఊరికే పోయి కూర్చున్నా. కోల్‌కతాలో మొదటి మ్యాచ్‌లోనే 5-0తో చిత్తయి వచ్చిన జట్టు, నవంబర్ 2న సొంత మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో కొట్టింది. మార్సెలిన్యో ఫ్రీకిక్ వలలో పడగానే పక్క సీటాయన, ముక్కూమొహం తెలియని మనిషి, నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. ఆ సీజన్ మొత్తంలో గెలిచినవి రెండే, నిలిచింది ఆఖరి స్థానంలో. అయితేనేం, నేను అప్పటికే ఫిక్సయిపోయా.

ఆఫీసులో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ టీమ్ కూడా ఉందా?" నాకు మండేది. ఇది రహీం సాబ్ ఊరండీ. ఆయన తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా 1956 ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఈ లెక్చర్ క్యాంటీన్‌లో ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు. 'మైదాన్' సినిమా వచ్చాక గానీ నమ్మలేదు జనం.

కరోనా కాలంలో రెండు సీజన్లూ గోవాలోనే ఆడించారు. కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాడు, ఆట మారిపోయింది. 2021-22లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫైనల్, ఎదురుగా మళ్లీ కేరళే. ఒక గోల్ వెనకబడి ఉన్నాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, 3-1. నేనప్పుడు వర్క్ ఫ్రం హోమ్‌లో ఖనిలోనే ఉన్నా. నా అరుపుకి నాన్న లేచి కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"గెలిచినం నాయినా!"

"ఎవలు?"

"మనోళ్లు."

"మనోళ్లంటే ఎవలు?"

ఒక్క పేరూ నాన్నకు తెలిసింది కాదు. ఛాంపియన్లయిన ఆ సీజన్‌లో మా జట్టు గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కప్పు గెలిచిన ఆటంతా నేను టీవీలోనే చూశా.

ఆ తర్వాతి ఏడు రెండో స్థానం. ఆపైన పతనం. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, సీజన్ మధ్యలోనే ఆటగాళ్లు వెళ్లిపోవడం. 2023-24లో గెలిచింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. నిజం చెప్పాలంటే, నాకు ఆ జట్టే ఎక్కువ ఇష్టం. కుర్రాళ్లు ఓడిపోతామని తెలిసీ పరిగెత్తేవాళ్లు. 2024లో యాజమాన్యం మారింది, ఇక గండం గడిచిందనుకున్నాం.

2025 మార్చి 12, బుధవారం. సొంత మైదానంలో ఆఖరి లీగ్ మ్యాచ్, కేరళతోనే. ఆఫీసులో రిలీజ్ ఉండి పోలేదు. సౌరవ్ గాల్లో పల్టీ కొట్టి వేసిన గోల్ ఫోన్‌లో చూశా. 1-1. వచ్చే సీజన్‌లో చూద్దాంలే అనుకున్నా.

ఢిల్లీ వార్త వచ్చినరోజు ఆఫీసులో అందరి మీదా చిరాకుపడ్డా. జట్టును ఎట్లా ఎత్తుకుపోతారు, అభిమానులను ఒక్కమాట అడగరా అని. మా టీమ్‌లో ఒక పుణె అబ్బాయి ఉన్నాడు, అంతా విని టీ తెచ్చిచ్చాడు. "నాకు 2019లో ఇలాగే అయింది" అన్నాడు అంతే. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే దాని స్థానంలో వచ్చిందే మా క్లబ్. మా మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్ కూడా అక్కణ్నుంచి వచ్చినవాడే. ఇది నాకు తెలియక కాదు. స్టేడియంలో గొంతు చించుకున్న ఆరేళ్లలో ఒక్కసారీ పుణెలో ఖాళీ అయిన సీట్ల సంగతి ఆలోచించలేదు. ఆ టీ చప్పగా అనిపించింది.

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ను వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతిస్తే, అభిమానులు ఆ ఏడే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకుని కింది మెట్టు నుంచి ఎక్కారు. 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. వాళ్ల వెనక వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. మాది ఆరేళ్ల కాపురం. సొంత క్లబ్ మాట అటుంచి, పదకొండుమందిని కూడగట్టి టర్ఫ్ బుక్ చేయడమే నాకు పెద్దపని.

ఇంట్లో నాన్నకు చెప్తే నవ్వాడు. ఆయన పనిచేసిన అండర్‌గ్రౌండ్ బాయి మూతబడితే శ్రీరాంపూర్‌కు బదిలీ చేశారు, చాలా ఏళ్లు అటే తిరిగాడు. "నన్ను బదిలీ జేసిన్రు గని, బాయినైతే ఎత్తుకపోలేరా" అన్నాడు. తర్వాత, "ఢిల్లీ టీమ్ ఆట టీవీల వస్తే చూస్తవా?" అనడిగాడు. చూడనన్నా. చూస్తానని ఇద్దరికీ తెలుసు.

నగరంలో శ్రీనిధి డెక్కన్ ఉంది. ఐ-లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానంలో నిలిచిన జట్టు. అజీజ్‌నగర్‌లో వాళ్ల మైదానం, మా రూమ్ నుంచి బండి మీద పెద్ద దూరమేం కాదు. పుణె అబ్బాయి వస్తానంటున్నాడు. పసుపు జెర్సీ వేసుకుని పోవచ్చో లేదో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.