పాత ల్యాప్‌టాప్‌కు కొత్త వేగం

పిల్లలూ! మీ పాఠం మూడు కాగితాల మీద ఉన్నదనుకోండి. ఒకటి గద్వాలలో, ఒకటి వనపర్తిలో, ఒకటి నాగర్‌కర్నూలులో! ఒక్క మనిషే తిరిగి తెచ్చేసరికి పొద్దు కుంకుతుంది. పాత ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కుదీ అదే అవస్థ. అందులో సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్ళెం ఉంటుంది. దానిపై సన్నని చేయి అటూ ఇటూ జరుగుతూ, కావలసిన చోటు తన కిందికి వచ్చేదాకా కాచుకుంటుంది.

ఎస్.ఎస్.డి.లో తిరిగేదీ జరిగేదీ లేదు. సమాచారమంతా చిప్పులలో ఉండి, విద్యుత్తుతో చప్పున అందుతుంది. అందుకే పాత యంత్రం సైతం చురుకవుతుంది.

అయితే వేగం వేరు, చోటు వేరు. 1956లో ఐ.బి.ఎం. చేసిన మొదటి హార్డ్ డిస్కులో 50 పళ్ళేలున్నా 50 లక్షల అక్షరాలే పట్టేవి. ఇప్పుడైనా 500 జీబీ డిస్కు తీసి 256 జీబీ ఎస్.ఎస్.డి. పెడితే వేగం పెరుగుతుంది, చోటు తగ్గుతుంది. చూచి కొనాలి సుమా!

మార్చే పని తెలిసిన పెద్దలచేతనే చేయించండి. అంతకుముందే నాన్నగారి పొలం కాగితాలు, అక్క సర్టిఫికెట్లు, ఇంటి ఫొటోలు మరొకచోట నకలు తీయించి, అవి తెరుచుకుంటున్నవో లేదో చూడండి. తీసిన డిస్కునూ కొన్నాళ్ళు దాచండి. యంత్రం పోతే మళ్ళీ కొనవచ్చు. అమ్మమ్మ ఫొటో ఏ అంగడిలోనూ దొరకదు.